లినక్స్ ఇన్‌స్టలేషన్‌లో గడియారం, టైమ్ జోన్ తప్పులు

లినక్స్ ఎక్కించిన కొత్తలో కంప్యూటర్ తప్పు టైమ్ చూపించడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. భారతదేశంలో ఆ తేడా తరచుగా సరిగ్గా అయిదున్నర గంటలు ఉంటుంది. అదే కంప్యూటర్లో విండోస్ కూడా ఉంటే, ఒకదానిలో టైమ్ సరిచేయగానే రెండోదానిలో చెడిపోతుంది. పైకి చిన్నగా కనిపించే ఈ తప్పు వల్ల సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దిగవు, వెబ్‌సైట్లు తెరుచుకోవు, లాగిన్ కోడ్‌లు చెల్లవు. సర్వర్లలో రాత్రి జరగాల్సిన పని పట్టపగలు మొదలవుతుంది.

ఈ చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే. ‘ఇప్పుడు టైమ్ ఎంత’ అనేది ఒక ప్రశ్న. ‘దాన్ని ఏ ప్రాంతపు లెక్కలో చూపించాలి’ అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు గడియారం చెప్పాలి, రెండోదానికి టైమ్ జోన్ చెప్పాలి. ఈ రెంటినీ కలిపేసి, గడియారం తప్పితే జోన్ మార్చడం, జోన్ తప్పితే గడియారం తిప్పడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

రెండు గడియారాలు

ప్రతి పీసీలోనూ రెండు గడియారాలు ఉంటాయి. మొదటిది మదర్‌బోర్డ్ మీద ఉండే రియల్ టైమ్ క్లాక్, పొట్టిగా ఆర్‌టీసీ. కంప్యూటర్ ఆపేసినా, ప్లగ్ పీకేసినా ఇది నడుస్తూనే ఉంటుంది. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం దీనికి ఆధారం. ఆ సంఖ్య 2కు 15వ ఘాతం. అందుకే దాన్ని పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకు ఒక టిక్ మిగులుతుంది. దీనికి కరెంటు ఇచ్చేది మూడు వోల్టుల బిళ్ల సెల్. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా సీఆర్2032 అనే రకం వాడతారు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో మోటరోలా ఎంసీ146818 చిప్‌తో ఈ ఏర్పాటు పీసీల్లోకి వచ్చింది. ఆ చిప్‌లో సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను దాచుకోవడానికి చోటుంది. అది ఏ ప్రాంతపు టైమో రాసుకోవడానికి మాత్రం చోటు లేదు. విండోస్, లినక్స్ రెండూ ఉన్న డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో తగాదా అంతా ఆ లేని గడి నుంచే పుట్టింది.

రెండోది లినక్స్ కెర్నల్ తన మెమరీలో నడుపుకునే సిస్టమ్ గడియారం. ఇది 1970 జనవరి 1 అర్ధరాత్రి, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం లెక్కన, మొదలుకొని గడిచిన సెకన్లను లెక్కపెడుతుంది. బూట్ అయ్యేటప్పుడు ఆర్‌టీసీ నుంచి టైమ్ చదువుకుని, ఆ తర్వాత తన లెక్కన తాను సాగుతుంది. దీనికి హైదరాబాద్, లండన్ అనే తేడా లేదు. తెర మీద గంటలు, నిమిషాలు చూపించాల్సి వచ్చినప్పుడే, ఈటీసీ డైరెక్టరీలోని లోకల్‌టైమ్ అనే ఫైలు చూసి ఆ ప్రాంతపు లెక్కలోకి మారుస్తారు. ఆ ఫైలు సాధారణంగా జోన్ వివరాలున్న మరో ఫైలుకు చూపే లింకు మాత్రమే. కాబట్టి లినక్స్‌లో టైమ్ జోన్ మార్చడమంటే ఆ లింకు మార్చడమే, గడియారం ఒక్క సెకను కూడా కదలదు.

విండోస్‌ది ఒక లెక్క, లినక్స్‌ది ఒక లెక్క

డాస్ కాలం నుంచి పీసీల్లో ఆర్‌టీసీని స్థానిక టైమ్‌లోనే ఉంచేవారు. విండోస్ ఆ పద్ధతినే కొనసాగించింది. పాత వెర్షన్లతో పొసగడం కోసం, బయోస్‌లోకి వెళ్లి టైమ్ చూసుకునేవారు తికమక పడకుండా ఉండడం కోసం అలా చేశామని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2004లో వివరించారు. యునిక్స్ సంప్రదాయం వేరు. అక్కడ ఆర్‌టీసీలో యూటీసీ ఉండాలి. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు మామూలుగా అలాగే అనుకుంటాయి.

విజయవాడలో ఉదయం 10 గంటలైంది అనుకుందాం. విండోస్ ఆర్‌టీసీలో 10:00 అని రాసి పెట్టింది. లినక్స్ బూట్ అయి ఆ 10:00ను యూటీసీ అనుకుని, దానికి అయిదున్నర గంటలు కలిపి మధ్యాహ్నం 3:30 అని చూపిస్తుంది. కాసేపటికి ఇంటర్‌నెట్ దొరికి టైమ్ సరిపడుతుంది. తెర మీద 10 గంటలు కనిపించగానే సమస్య తీరిందనుకుంటాం. అయితే నెట్‌వర్క్‌తో టైమ్ కుదిరాక కెర్నల్ పదకొండు నిమిషాలకొకసారి సరైన టైమ్‌ను ఆర్‌టీసీలోకి రాస్తుంది. అది రాసేది యూటీసీ, అంటే 04:30. తిరిగి విండోస్‌లోకి వెళ్తే అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర దాటింది. విండోస్‌లో ‘సింక్ నౌ’ నొక్కి సరిచేస్తే ఆర్‌టీసీలో మళ్లీ స్థానిక టైమ్ పడుతుంది. ఈసారి చెడిపోయేది లినక్స్.

టైమ్ ఎటువైపు జరిగిందో చూస్తే తప్పెక్కడో చెప్పేయవచ్చు. భారతదేశంలో లినక్స్ అయిదున్నర గంటలు ముందుకు పోతే, ఆర్‌టీసీలోని స్థానిక టైమ్‌ను అది యూటీసీగా చదివిందన్నమాట. అయిదున్నర గంటలు వెనకబడితే పరిస్థితి తలకిందులు. ఆర్‌టీసీలో యూటీసీ ఉంది, లినక్స్‌కు మాత్రం అది స్థానిక టైమ్ అని చెప్పి ఉంచారు. అమెరికాలో ఈ దిశలు మారిపోతాయి. చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 10 గంటలకు అదే పొరపాటు జరిగితే లినక్స్ ఉదయం 5 అని చూపిస్తుంది. అక్కడివారు రాసిన సలహాను ఇక్కడ యథాతథంగా పాటించి మరింత చిక్కుల్లో పడేవారు ఉండడానికి ఇదొక కారణం.

మనవైపు టైమ్ ముందుకు పోవడం వల్ల ఒక ప్రత్యేకమైన బాధ ఉంది. ఇన్‌స్టలేషన్ మొత్తం ఆ ముందు టైమ్‌తోనే జరిగితే, ఫైళ్ల మీద పడే ముద్రలన్నీ ఇంకా రాని ఘడియలవి. గడియారం సరిపడిన తర్వాత ఆ ఫైళ్లు భవిష్యత్తులో తయారైనట్టు కనిపిస్తాయి. ప్రోగ్రాములు కంపైల్ చేసే మేక్ అనే సాధనం ఫైళ్ల టైమ్ చూసే ఏది పాతదో, ఏది కొత్తదో తేల్చుకుంటుంది. అది గడియారంలో తేడా ఉందని హెచ్చరించి, బిల్డ్ అసంపూర్తిగా ఉండవచ్చంటుంది. ఈఎక్స్‌టీ4 డిస్కులను తనిఖీ చేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే కూడా ఒకప్పుడు బూట్ మధ్యలో ఆగి, డిస్క్‌ను చివరిసారి మౌంట్ చేసిన టైమ్ ఇంకా రాలేదని ఫిర్యాదు చేసేది. ఇప్పుడు దానిలో 24 గంటల వరకు తేడాను చూసీచూడనట్టు వదిలేసే సడలింపు పెట్టారు. విండోస్ ఆర్‌టీసీని స్థానిక టైమ్‌లో ఉంచడం వల్లే ఆ సడలింపు అవసరమైందని దాని సెట్టింగుల మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది.

పరిష్కారాలు రెండున్నాయి. మొదటిది విండోస్‌కు యూటీసీ నేర్పడం. రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ విభాగంలో సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్ దాటుకుంటూ టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ అనే చోటికి వెళ్లి, ‘రియల్ టైమ్ ఈజ్ యూనివర్సల్’ అనే పేరును ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో చేర్చి, విలువ 1 ఇవ్వాలి. రెండోది లినక్స్‌నే దారికి తేవడం. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో ఆర్‌టీసీ స్థానిక టైమ్‌లో ఉందని చెప్పవచ్చు. ఆ సంగతి ఈటీసీ డైరెక్టరీలోని అడ్జ్‌టైమ్ ఫైలులో మూడో వరుసలో నమోదవుతుంది. అక్కడ యూటీసీ అనో, లోకల్ అనో ఒక్క మాట ఉంటుంది. ఫైలే లేకపోతే యూటీసీ అని అర్థం.

ఈ రెంటిలో మొదటిదే మేలు. డే లైట్ సేవింగ్ ఉన్న దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం గంట జరుగుతుంది. ఆర్‌టీసీలో స్థానిక టైమ్ ఉంటే ఆ గంటను విండోస్ జరపాలా, లినక్స్ జరపాలా అన్నది తేలదు. శరదృతువులో గంట వెనక్కి వచ్చినప్పుడు ఒకే టైమ్ రెండుసార్లు వస్తుంది కూడా. భారతదేశంలో ఇప్పుడు డే లైట్ సేవింగ్ లేదు కాబట్టి రెండో పద్ధతి ఇక్కడ ఇబ్బంది పెట్టకుండానే సాగిపోవచ్చు. కానీ అదే ల్యాప్‌టాప్ చదువుకో ఉద్యోగానికో డాలస్ చేరితే ఆ మార్చిలోనే తేడా బయటపడుతుంది.

జాబితాలో హైదరాబాద్ ఎందుకు లేదు

ఇన్‌స్టాలర్ చూపే టైమ్ జోన్ పేర్లు టీజెడ్ డేటాబేస్ నుంచి వస్తాయి. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ దీన్ని మొదలుపెట్టారు, పాల్ ఎగర్ట్ నిర్వహణ చూస్తున్నారు. 2011లో కాపీరైట్ పేరుతో ఒక సంస్థ కోర్టుకెక్కినప్పుడు ఈ డేటాబేస్ కొన్నాళ్లు కనుమరుగైంది. ఆ తర్వాత ఇంటర్‌నెట్ పేర్లు, సంఖ్యల నమోదు చూసే ఐఏఎన్ఏ దీని బాధ్యత తీసుకుంది. ఆ దావా 2012లో వెనక్కి తీసుకున్నారు.

1970 నుంచి గడియారాలు ఒకేలా నడిచిన ప్రాంతమంతటికీ ఒక జోన్ చాలు, దానికి అక్కడి పెద్ద నగరం పేరు పెట్టాలి అనేది ఈ డేటాబేస్ పద్ధతి. ఆ లెక్కన భారతదేశం మొత్తానికి ఒకటే పేరు వచ్చింది, ఆసియా/కోల్‌కతా. పాత కలకత్తా పేరు కూడా దానికే చూపే లింకుగా ఇంకా పనిచేస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నం, ఢిల్లీ వెతికితే దొరకవు. దొరకలేదని పక్కనే ఉన్నట్టు కనిపించే కరాచీని ఎంచుకుంటే గడియారం అరగంట వెనక నడుస్తుంది. ఢాకాను ఎంచుకుంటే అరగంట ముందుంటుంది. ఈ అరగంట తేడా చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోగలదు.

ఆ జోన్ ఫైలులో తెలుగువారికి సంబంధించిన చరిత్ర కొంత దాగి ఉంది. అబ్జర్వేటరీ ఆధారంగా నడిచిన మద్రాసు టైమ్ గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందుండేది. దేశంలో రైళ్లు దాన్నే అనుసరించేవి. 1906లో 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం వచ్చింది. ఆ రేఖ ఆంధ్రప్రదేశ్ మీదుగా కూడా వెళ్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు దేశపు గడియారాలు మరో గంట ముందు నడిచాయి. ఆసియా/కోల్‌కతా అని ఎంచుకున్నప్పుడు ఈ మార్పుల పట్టిక వాడుకలోకి వస్తుంది. చేత్తో ‘+5:30’ అని పెట్టుకుంటే ఆ పట్టిక రాదు.

పొట్టి పేర్లతో జాగ్రత్తగా ఉండాలి. ఐఎస్‌టీ అనే మూడక్షరాలను భారత్, ఇజ్రాయెల్, ఐర్లండ్ మూడూ వాడుకుంటున్నాయి. అమెరికాలో స్థిరపడినవారు ఈఎస్‌టీ ఎంచుకుంటే ఏడాదంతా యూటీసీ కంటే అయిదు గంటలు వెనకే ఉంటుంది, వేసవిలో గంట జరగదు. అమెరికా/న్యూయార్క్ అని ఎంచుకుంటే జరుగుతుంది. డాలస్‌లో ఉండేవారికి అమెరికా/షికాగో సరిపోతుంది. ఫీనిక్స్‌కు విడిగా పేరుంది, ఎందుకంటే ఆరిజోనాలో చాలాభాగం డే లైట్ సేవింగ్ పాటించదు. ఇంకో ఉచ్చు ‘ఈటీసీ’ కింద ఉండే జీఎంటీ పేర్లు. వాటిలో గుర్తులు తారుమారు. జీఎంటీ+5 అంటే గ్రీన్‌విచ్ కంటే అయిదు గంటలు వెనక అని అర్థం. పోసిక్స్ అనే యునిక్స్ ప్రమాణంలోని పాత పద్ధతిని అనుసరించడం వల్ల అలా ఉండిపోయింది. మన అయిదున్నరకు ఆ జాబితాలో అసలు చోటే లేదు.

ఇన్‌స్టాలర్లు అడిగే తీరు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. డెబియన్ ముందు భాష, తర్వాత దేశం అడిగి, ఆ దేశపు జోన్లను మాత్రమే చూపిస్తుంది. ఇంగ్లిష్ ఎంచుకుంటే దేశం దగ్గర అమెరికా సిద్ధంగా ఉంటుంది. చదవకుండా ఎంటర్ నొక్కితే ఆ తర్వాత ఈస్టర్న్, సెంట్రల్, పసిఫిక్ వంటి అమెరికా జోన్లు తప్ప ఇంకేమీ కనిపించవు. ఇండియా ఎంచుకోవాల్సింది దేశం అడిగిన తెర దగ్గరే. ఉబుంటు, ఫెడోరా వంటివి ఇంటర్‌నెట్ చిరునామాను బట్టి ఊరిని ఊహిస్తాయి. వీపీఎన్ ఉంటే ఆ ఊహ మరో దేశానికి పోతుంది. ఆర్చ్ లినక్స్‌ను గైడు ప్రకారం ఎక్కిస్తే ఊహలేమీ ఉండవు. లోకల్‌టైమ్ లింకును పెట్టుకోవడం, సిస్టమ్ టైమ్‌ను ఆర్‌టీసీలోకి రాయడం రెండూ ఎక్కించేవారే చేత్తో చేయాలి.

ఏది చెడితే ఏం ఆగుతుంది

జోన్ మాత్రమే తప్పితే చెడిపోయేది మనిషికి కనిపించే టైమ్, ఆ లెక్కన నడిచే షెడ్యూళ్లు. గడియారమే తప్పితే యంత్రాల మధ్య నమ్మకం చెడుతుంది. వెబ్‌సైట్ సర్టిఫికెట్లకు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. సెల్ అయిపోయి గడియారం 2000 సంవత్సరానికి పోయిన కంప్యూటర్‌కు ఏ సర్టిఫికెట్టూ ఇంకా మొదలే కాలేదు. డెబియన్, ఉబుంటుల్లో ఏపీటీ సాధనం రిపాజిటరీలోని రిలీజ్ ఫైలు తేదీ చూస్తుంది. గడియారం వెనకబడి ఉంటే ఆ ఫైలు ఇంకా చెల్లుబాటు కాదని, మరో ఇన్ని గంటల దాకా చెల్లదని చెప్పి అప్‌డేట్ ఆపేస్తుంది. సందేశం చూసి సర్వర్ పాడైందనుకుంటారు. ఆ గంటలే తేడా ఎంతో చెప్తున్నాయని గమనించరు. ఆరంకెల ఓటీపీ యాప్ కోడ్‌లు గడియారం లెక్కనే 30 సెకన్లకొకసారి మారతాయి. ఆఫీసు లాగిన్లలో వాడే కెర్బెరోస్ మామూలుగా అయిదు నిమిషాలకు మించి తేడాను ఒప్పుకోదు.

అందుకే జోన్ తప్పినప్పుడు గడియారాన్ని చేత్తో తిప్పడం చాలా చెడ్డ మరమ్మతు. జోన్ న్యూయార్క్‌లో ఉండిపోయిన కంప్యూటర్ చలికాలంలో మన టైమ్ కంటే పదిన్నర గంటలు వెనక చూపిస్తుంది. లోపల యూటీసీ సరిగ్గానే ఉంది. ముల్లును పదిన్నర గంటలు ముందుకు తిప్పితే తెర మీద ముచ్చటగా సరైన టైమ్ కనిపిస్తుంది, లోపలి యూటీసీ మాత్రం పదిన్నర గంటలు తప్పిపోతుంది. అంతవరకు పనిచేసిన ఓటీపీలు ఆ క్షణం నుంచి చెల్లవు. పంపిన మెయిళ్ల మీద ఇంకా రాని టైమ్ పడుతుంది.

నెట్‌వర్క్ నుంచి వచ్చే టైమ్

ఇంటర్‌నెట్ ద్వారా గడియారాలను కుదిర్చే ఎన్‌టీపీని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ రూపొందించారు. దాని తొలి నిర్దేశం 1985లో వచ్చింది. 2024 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఇది యూడీపీ 123 పోర్టు మీద నడుస్తుంది. ఫైర్‌వాల్ ఆ పోర్టును మూసేసిన ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో సింక్ ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ టైమ్ కుదరదు.

పాత ఎన్‌టీపీడీ ప్రోగ్రాము వెయ్యి సెకన్లకు మించి తేడా కనిపిస్తే సరిచేయకుండా ఆగిపోతుంది. అయిదున్నర గంటలంటే 19,800 సెకన్లు. దీని స్థానంలో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న క్రోనీలో, డిస్ట్రిబ్యూషన్లు ఇచ్చే మామూలు సెట్టింగుల ప్రకారం, మొదటి కొన్ని అప్‌డేట్లలో ఎంత తేడా ఉన్నా ఒక్క గెంతులో సరిపోతుంది. ఎన్‌టీపీ ఇచ్చేది యూటీసీ మాత్రమే అన్నది గుర్తుంచుకోవాలి. జోన్ ఏమిటో అది చెప్పదు. సింక్ సరిగ్గా ఉండి కూడా టైమ్ తప్పు చూపిస్తోందంటే వెతకాల్సింది జోన్‌నే.

భారత ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ నిర్వహిస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ కంప్యూటర్ల గడియారాలను ఆ లేబొరేటరీ గానీ, ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ గానీ నడిపే ఎన్‌టీపీ సర్వర్లతోనో, వాటితో పొసిగే వేరే సర్వర్లతోనో కుదుర్చుకోవాలి. సైబర్ దాడి జరిగినప్పుడు ఏ సర్వర్లో ఏది ముందు జరిగిందో లాగ్‌ల టైమ్‌ను బట్టే తేల్చాలి మరి.

ఆర్‌టీసీకి సెల్ లేని యంత్రాలూ ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పైలో అయిదో తరానికి ముందు ఆర్‌టీసీయే లేదు. ఆపేసే ముందు టైమ్‌ను ఫైలులో దాచుకుని, మళ్లీ లేచాక అక్కడి నుంచి మొదలుపెట్టడం దానికి చేసుకున్న ఏర్పాటు. వర్చువల్ మెషీన్‌లలో ఆర్‌టీసీ కూడా నకిలీదే. వర్చువల్‌బాక్స్‌లో హార్డ్‌వేర్ గడియారం యూటీసీలో ఉండాలా అని అడిగే టిక్ ఒకటి ఉంటుంది. లినక్స్‌కు దాన్ని పెట్టి ఉంచాలి.

క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే సర్వర్లు సాధారణంగా యూటీసీ జోన్‌తోనే వస్తాయి. రాత్రి రెండు గంటలకు బ్యాకప్ అని, పనులను వేళకు నడిపే క్రాన్‌లో రాస్తే అది మనకు ఉదయం ఏడున్నరకు మొదలవుతుంది. సర్వర్లను యూటీసీలోనే వదిలేసి, క్రాన్‌లో అయిదున్నర గంటలు తీసేసి రాసుకోవడం మంచిది. హైదరాబాద్ సర్వర్, వర్జీనియా సర్వర్ లాగ్‌లు పక్కపక్కన పెట్టి చదవాల్సిన రోజున ఈ పని విలువ తెలుస్తుంది.

తప్పును పట్టుకోవడం

టైమ్‌డేట్‌సీటీఎల్ అని టెర్మినల్‌లో కొడితే ఏడు వరుసలు వస్తాయి. మొదటి వరుసలో స్థానిక టైమ్ ఉంటుంది, అందరి చూపూ దాని మీదే పడుతుంది. ముందు చదవాల్సింది మాత్రం రెండో వరుస, యూనివర్సల్ టైమ్. చేతి గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేస్తే అది రావాలి. రాకపోతే తప్పు గడియారానిది. వస్తే, గడియారం బాగానే ఉంది. అప్పుడు నాలుగో వరుసలోని టైమ్ జోన్ చూడాలి. మూడో వరుసలోని ఆర్‌టీసీ టైమ్ రెండో వరుసతో సమానంగా ఉండాలి. అది స్థానిక టైమ్‌తో సమానంగా ఉంటే విండోస్ రాసి వెళ్లిందని అర్థం. అయిదో వరుస సింక్ కుదిరిందో లేదో చెప్తుంది, ఆరోది సింక్ సర్వీస్ నడుస్తోందో లేదో చెప్తుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులు. చివరి వరుస ఆర్‌టీసీ స్థానిక టైమ్‌లో ఉందా అని. అక్కడ ‘నో’ ఉండాలి. ‘యస్’ ఉంటే కిందనే ఒక హెచ్చరిక కూడా వస్తుంది. సింక్ ఆన్‌లో ఉండగా చేత్తో టైమ్ మార్చబోతే ఈ కమాండ్ ఒప్పుకోదు.

ఈ వరుసలన్నీ సరిగ్గా ఉండి కూడా, కంప్యూటర్ ఆపి పెట్టిన ప్రతిసారీ టైమ్ వెనక్కి పోతుంటే సెట్టింగులు తిరగేయడం మానండి. సీఆర్2032 సెల్ మార్చి, బయోస్‌లో తేదీ సరిచేసుకుని, ఆ తర్వాతే లినక్స్ బూట్ చేయండి.